ఎవరి గుట్టు? ఎవరికి రక్షణ?

ఇంటి గుట్టు బయట పెట్టకూడదని మన అమ్మమ్మలు, అమ్మలు నేర్పారు. ఆ గుట్టు మోస్తూ ఎంతమంది ఆడవాళ్ళు నలిగిపోయారో స్త్రీవాద సాహిత్యం మనకి చెప్పింది. అందుకే రహస్యం అనే మాట వింటేనే నాకు అనుమానం. ఆ అనుమానమే చైతన్యం అనుకుని నేను చేసిన ఒక తప్పు గురించి రాయాలి.

కొన్నేళ్ళ క్రితం ఒక పరిశోధనా పత్రిక నాకో వ్యాసం పంపి అభిప్రాయం అడిగింది. వచ్చిన వ్యాసాన్ని రచయిత పేరు తీసేసి, ఆ రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురికి పంపుతారు. చదివిందెవరో రచయితకి చెప్పరు. పీర్ రివ్యూ అంటాం. భర్తల ఇళ్ళు వదిలి వచ్చేసిన కొందరు స్త్రీలు చెప్పుకున్న జీవితకథల మీద వ్యాసం అది. మూడో పేజీకల్లా రాసిందెవరో తెలిసిపోయింది. తెలుగులో సాహిత్య పరిశోధన అంత చిన్న ఊరు మరి. హాస్టల్లో నాకు జూనియర్.

నా అభిప్రాయం గడువులోపే పంపాను. కానీ దానికి ముందే, క్యాంటీన్లో టీ తాగుతూ ఒక స్నేహితురాలితో "భలే విషయం పట్టుకుందే ఆ అమ్మాయి" అన్నాను. మెచ్చుకున్నానే గానీ చెడు మాట ఒక్కటీ అనలేదు. ఆ మెప్పే చేతులు మారి వారం తిరక్కుండా ఆమె గైడు చెవిన పడింది. ఆయన పిలిచి అడిగిన మొదటి ప్రశ్న: "నా పేరు లేకుండా ఎవరికి పంపావు?" విద్యార్థి రాసిన వ్యాసంలో గైడు పేరూ ఉండాలన్న అలిఖిత శాసనం మనలో చాలామందికి అనుభవమే. ఆమె వ్యాసం వెనక్కి తీసుకుంది. థీసిస్ మీద ఆయన సంతకం కోసం నెలల తరబడి తిరిగింది.

అప్పటిదాకా ఈ గోప్యత అంతా పెద్దవాళ్ళు తమ తీర్పుల్ని దాచుకునే ఏర్పాటని నా అభిప్రాయం. అందులో సగం నిజం లేకపోలేదు. స్వీడన్‌లో జరిగింది చూడండి. అక్కడి వైద్య పరిశోధనా మండలి ఫెలోషిప్పులకి ఎవరికెన్ని మార్కులు వేసిందీ బయటికి చెప్పేది కాదు. క్రిస్టీన్ వెన్నెరోస్, అగ్నెస్ వోల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ దేశపు సమాచార హక్కు చట్టాన్ని పట్టుకుని కోర్టు దాకా వెళ్ళి ఆ కాగితాలు సాధించారు. 1997లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. పురుషులతో సమానంగా మార్కులు తెచ్చుకోవాలంటే ఒక స్త్రీ దాదాపు 2.5 రెట్లు ఎక్కువ పరిశోధన చూపించాల్సి వచ్చిందని తేలింది. కమిటీలో తెలిసినవాళ్ళున్న అభ్యర్థులకి అదనపు లాభం దక్కిందనీ తేలింది. తలుపులు మూసుకుని కూర్చున్నన్నాళ్ళూ అది ప్రతిభ పేరుతోనే చలామణీ అయింది.

అయితే వెన్నెరోస్, వోల్డ్ బద్దలుకొట్టిన రహస్యమూ, నేను క్యాంటీన్లో జారవిడిచిన రహస్యమూ ఒకటేనా? వాళ్ళు అధికారం ఎలా తీర్పు చెప్పిందో బయటపెట్టారు. నేను అధికారం లేని మనిషి ఇంకా అచ్చుకాని రాతను బయటపెట్టాను. ఆమెతో పాటు, ఆమెను నమ్మి తమ కథలు చెప్పుకున్న స్త్రీలని కూడా. ఊళ్ళ పేర్లు మార్చినంత మాత్రాన మనుషుల్ని ఎవరూ గుర్తుపట్టరని ఎలా అనుకోగలం?

పరిశోధనా ప్రచురణల నైతికత కోసం 1997లో ఏర్పడిన కోప్ అనే సంస్థ సమీక్షకులకి స్పష్టంగానే చెబుతుంది: చేతికొచ్చిన వ్యాసాన్ని గోప్యంగా ఉంచాలి, అందులోని విషయాన్ని సొంత లాభానికి వాడుకోకూడదు, పత్రిక అనుమతి లేకుండా ఇంకొకరికి, తన దగ్గర పనిచేసే జూనియర్లకి సైతం, చూపించకూడదు. గైడు పేరుతో వెళ్ళే సమీక్షలు రాత్రిళ్ళు కూర్చుని రాసిపెట్టే పరిశోధక విద్యార్థినులకి ఈ చివరి మాట విలువ తెలుస్తుంది. ఇప్పుడు క్యాంటీన్‌కి వెళ్ళే పని కూడా లేదు. వ్యాసాన్ని కృత్రిమ మేధకి అప్పగించి సారాంశం అడిగితే చాలు. అది కూడా ఇతరులకి చూపించడమే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2023లో తన సమీక్షకులు ఆ పని చేయకూడదని నిషేధించింది.

మరి సమీక్షకుల పేర్లు కూడా దాచాలా? బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1999 నుంచి వాటిని రచయితలకి చెప్పడం మొదలుపెట్టింది. వినడానికి బావుంది. కానీ రేపు నా ఇంటర్వ్యూ బోర్డులో కూర్చోబోయే ప్రొఫెసర్ గారి వ్యాసం బాగాలేదని సంతకం పెట్టి రాసే ధైర్యం నాకుందా? నిజం చెప్పాలంటే లేదు. ఆ చాటు నాకూ కావాలి. కాకపోతే ఆ చాటున కూర్చుని అన్యాయం చేస్తే నిలదీసే బాధ్యత సంపాదకులది. రాతకి గోప్యత ఉండాలి, తీర్పుకి జవాబుదారీ ఉండాలి. మన దగ్గర తరచూ దీనికి పూర్తిగా తలకిందులు. రాత ఊరంతా తిరుగుతుంది, తీర్పు మాత్రం బీరువాలో ఉంటుంది.

చాలాకాలం తర్వాత ధైర్యం చేసి ఆ అమ్మాయికి జరిగింది చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "బాగాలేదని రాసుంటే మళ్ళీ రాసుకునేదాన్నక్కా. మీరు మెచ్చుకున్నారని నాకే అందరికంటే చివర తెలిసింది."

ఆ వ్యాసం ఇప్పటికీ అచ్చుకాలేదు. అందుకే దాని గురించి ఇంతకు మించి చెప్పను. ఈ నాలుగు మాటలూ ఆమె చదివి ఒప్పుకున్నాకే పత్రికకి పంపుతున్నాను.