సబ్ర్ అంటే ఓర్పు ఒక్కటేనా?

విపత్తు వేళ మన తెలుగు ముస్లిం రచయితలు రాసే ఓదార్పు వ్యాసాల్లో ఒక వాక్యం దాదాపు తప్పకుండా కనిపిస్తుంది: "ఏది జరిగినా మన మంచికే." దానికి ముందో వెనుకో అల్ బఖరా సూరాలోని 155 నుంచి 157 వరకు గల ఆయతుల ప్రస్తావన ఉంటుంది. రెండూ పక్కపక్కన చదివిన పాఠకుడు ఆ మాట కూడా ఖుర్ఆన్‌దేనని భావిస్తాడు. వాస్తవానికి అది మన ఊళ్లలో పుట్టిన లోకోక్తి. ఆ ఆయతుల్లో భయం, ఆకలి, ధననష్టం, ప్రాణనష్టం, ఫలసాయ నష్టం పరీక్షలుగా పేర్కొనబడ్డాయి. నష్టాన్ని అక్కడ నష్టమనే అన్నారు, లాభమని అనలేదు. శుభవార్త చెప్పబడింది నష్టం గురించి కాదు, ఆ నష్టంలో నిలిచినవారికి.

ఈ తేడా పండితుల చర్చకు మాత్రమే సంబంధించినదని ఎవరైనా అనుకుంటే, వారు దిల్‌సుఖ్‌నగర్ సంగతి జ్ఞాపకం చేసుకోవాలి. 2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం, బస్సుల కోసం నిలబడినవారు, టిఫిను తినేవారు, సామాన్లు కొనుక్కునేవారు కిక్కిరిసి ఉన్న వేళ సైకిళ్లకు కట్టిన రెండు బాంబులు కొద్ది నిమిషాల తేడాతో పేలాయి. 18 మంది చనిపోయారు. వంద మందికి పైగా గాయపడ్డారు. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన ఐదుగురికి మరణశిక్ష విధించింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయపరచింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి "మన మంచికే" అనగలిగేవాడు ఎవడు? అనేవాడు విశ్వాసంతో అనడం లేదు. ఆ ఏడుపు వినలేక అంటున్నాడు. పైగా ఆ ఘాతుకానికి పాల్పడినవారు మన పేర్లవంటి పేర్లు గలవారు. కాబట్టి "అల్లాహ్ నిర్ణయం" అనే మాట మన నోట మరింత జాగ్రత్తగా రావాలి. లేకుంటే వినేవారికి అది హంతకుని తరఫున చెప్పే సంజాయిషీలా ధ్వనిస్తుంది.

అనువాదకులుగా మన వంతు దోషం ఇక్కడే ఉంది. సబ్ర్‌కు మనం 'సహనం' అని, 'ఓర్పు' అని రాస్తూ వస్తున్నాం. రెండూ మోయడాన్ని చెప్పే మాటలే. నెత్తిన బరువు పెడితే కిక్కురుమనకుండా నడిచే మనిషి కళ్లముందు మెదులుతాడు. అరబీ ధాతువులో ఉన్నది పట్టి నిలపడం, చెదిరిపోకుండా కట్టి ఉంచడం. 'నిలకడ' అన్న అచ్చ తెలుగు మాట దీనికి చాలా దగ్గర. గ్రంథభాషకు తగదని దాన్ని ఎందుకు పక్కన పెట్టామో నాకు అర్థం కాదు.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) గాథ చూడండి. కుమారులు నెత్తురు పూసిన చొక్కా తెచ్చి చూపినప్పుడు ఆయన 'అందమైన సబ్ర్' అన్నారు. సరే, మన వ్యాసకర్తలు ఇంతవరకు ఉదహరిస్తారు. అయితే అదే ఆయతులో, ఆ మాటకు ముందే, ఇది మీ మనసులు కల్పించిన పని అని ఆయన కుమారుల మొహం మీదే అన్నారు! నేరాన్ని నేరమనడం సబ్ర్‌కు భంగం కాలేదు. తరువాత ఏళ్ల తరబడి ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబారాయి. తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానన్నారు. అదీ భంగం కాలేదు. దైవప్రవక్త (సఅసం) తమ పసికందు ఇబ్రాహీం ఆఖరి ఘడియల్లో కన్నీరు పెట్టినప్పుడు, తమరు కూడానా అని ఒక సహచరుడు ఆశ్చర్యపోగా, ఇది కారుణ్యమని సెలవిచ్చారు. ఏడవని వాడే గట్టి విశ్వాసి అన్న భావన మనలోకి ఎక్కడినుంచి వచ్చిందో గాని, సీరత్ గ్రంథాల నుంచి మాత్రం రాలేదు.

మన నగరపు కవి అమ్జద్ హైదరాబాదీని చదివే తీరులోనూ ఇదే లోపం కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న, రంజాన్ నెల తొలి దినాల్లో, మూసీ నది పొంగి సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ వరదలో అమ్జద్ తల్లి, భార్య, కుమార్తె కొట్టుకుపోగా ఆయన ఒక్కరే బయటపడ్డారు. ఆ తరువాత 53 ఏళ్లు బ్రతికి 1961లో కన్నుమూశారు. ఆయన రుబాయీలను మన సభల్లో చదువుతారు. అందులోని దైవనిర్భరతను మెచ్చుకొని, చూడండి, ఇంత పోగొట్టుకున్నా ఎంత ప్రశాంతమో అంటారు. వరద మీద ఆయన రాసిన 'ఖయామతె సుగ్రా'ను మాత్రం ఎవరూ ఎత్తరు. అది 'చిన్న ప్రళయం'. పేరులోనే ఉంది ఆయన దాన్ని ఏమనుకున్నదీ. జరిగింది మేలు అని తలచినవాడు దానికి ప్రళయమని పేరు పెట్టడు. ఆ శోకాన్ని తీసివేస్తే రుబాయీల్లోని నమ్మకానికి బరువు ఉండదు, గోడకు వేలాడదీసే సూక్తుల్లా మిగులుతాయి. నా అంచనాలో ఆయన గొప్పతనం ప్రశాంతతలో లేదు. ఆ ప్రళయాన్ని చూసిన తరువాత కూడా అదే ప్రభువును పిలవడంలో ఉంది.

ఇమాం గజాలీ ఉన్న సృష్టి కన్నా అద్భుతమైనది సాధ్యం కాదన్నారని, కాబట్టి అంతా మేలేనని వాదించేవారున్నారు. ఆ వాక్యంపైనే ఉలమాల మధ్య శతాబ్దాలపాటు వాదం నడిచింది. 15వ శతాబ్దంలో బిఖాయీ ఖండించగా సుయూతీ సమర్థించాడు. అది పాఠశాలలో చర్చించవలసిన విషయం. జనాజా ఇంట్లో కాదు.

ఇక తవక్కుల్‌ను చేతులు ముడుచుకోవడంగా రాసే వ్యాసాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్లేగు సోకిన సిరియా పొలిమేరల నుంచి హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగినప్పుడు, అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక నిర్ణయం నుంచి అల్లాహ్‌దే అయిన మరో నిర్ణయానికి వెళ్తున్నానని ఆయన జవాబు. మూసీ వరద తరువాత మన నగరం కూడా ఆ దారినే నడిచింది. విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టుకుంది. తరువాతి తరాలు ఆ పాఠం మరచాయి. ఫలితం 2020 అక్టోబరులో చూశాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వెళ్లే దారికి దగ్గరలో ఉన్న సరూర్‌నగర్ చెరువు పొంగి కాలనీలు మునిగాయి. చెరువు నీరు పోయే దారిలో ఇళ్లు కట్టి, మునిగాక దాన్ని దైవశిక్ష అనడం ఎలాంటి విశ్వాసం? శిక్ష ఎవరికో, పరీక్ష ఎవరికో చెప్పే అధికారం మనకు లేదు. కాలువ పూడిక ఎవరు తీయలేదో అడిగే అధికారం మాత్రం ఉంది.

అమ్జద్ రుబాయీలను తెలుగులోకి తేదలచినవారికి ఒక విన్నపం. సంపుటిలో 'ఖయామతె సుగ్రా'ను అనుబంధంగా చివరన పెట్టకండి. మొదటి పుటల్లోనే ఉంచండి. పాఠకుడు ఆ నీళ్లు దాటి రుబాయీల దగ్గరికి రానివ్వండి.