కళావిద్యార్థుల కడపటి కృతులు

విద్య ముగిసిన దనుటకు పట్టమే గుర్తని లోకము నమ్మియున్నది. ఇతర విద్యలయందు ఆ నమ్మకము కొంతవఱకు చెల్లునేమో కాని, చిత్రకళయందును, వస్తువులకు రూపకల్పన చేయు విద్యయందును చెల్లదు. ఈ విద్యలకు కడపటి సాక్షి విద్యార్థి చేసిన కృతియే. అందుచేతనే చివరి యేట విద్యార్థులు తమ కృతులను గోడలమీదను బల్లలమీదను అమర్చి, నలుగురిని పిలిచి చూపు ఆచార మేర్పడినది. ఆచారము మంచిదే. కాని ఆ నలుగురెవరు అను ప్రశ్న మాత్రము మిగిలియే యున్నది.

హైదరాబాదు నగరమున ఈ విద్యలకు పేరొందిన స్థానము లన్నియు పడమటనే యున్నవి. 2008 లో నేర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళా విశ్వవిద్యాలయము మాసబ్ ట్యాంకునను, 1995 లో స్థాపింపబడిన నిఫ్ట్ శాఖ మాదాపురమునను కలవు. తూర్పున దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతములలో ప్రైవేటు శిక్షణాలయములు వెలసినవి. పోటీపరీక్షల పలకల ప్రక్కనే యానిమేషను పలక. దానిప్రక్క గృహాలంకరణపు పలక. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములనుండి విజయవాడ రహదారిమీద వచ్చు పిల్లలు ఎల్.బి.నగరు కూడలిలో దిగి, ఈ వీథుల హాస్టళ్లలో జేరుదురు. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగరు వఱకు వచ్చినది మొదలు పడమటి విద్యాలయములకు పోవుటయు వీరికి సులభమైనది.

ఈ ప్రాంతమున నొక శిక్షణాలయమువారు జరపిన ప్రదర్శనమును మేము చూచితిమి. దాని పేరు చెప్పము. ఏలయన మేము చెప్పబోవు లోపము ఒక్కరిది కాదు.

మొదట మెచ్చదగినది చెప్పెదము. ఒక విద్యార్థిని కాలిబాటమీద పండ్లమ్మువారి కొఱకు మడతపెట్టుటకు వీలగు బల్ల నొకదానిని చేసియుండెను. ఆమె పలుదినములు ఒక పండ్లబండి ప్రక్కన గూర్చుండి, అమ్మునామె రోజున కెన్నిసారులు నడుము వంచునో లెక్కించి, త్రాసు నుంచుచోటు జానెడు పైకెత్తినది. బల్ల చూపునకు సామాన్యమే. కాని దాని ప్రతి కొలతకును ఒక మనుష్యుని దేహము ప్రమాణముగ నున్నది. మఱియొక విద్యార్థి అద్దములను దారములను వ్రేలాడదీసి, దానికి స్మృతి యని పేరిడి, ఎదుట పుటెడు ఇంగ్లీషు వ్యాఖ్య నుంచెను. వ్యాఖ్యను దీసివేసినచో అద్దములును దారములునే మిగులును. వయసు చిన్నది, నేర్చుకొనును. అతనిని నిందింపము.

మమ్ము నొచ్చుకొనజేసినది మూడవ కృతి. అది పోచంపల్లి నేతకు నివాళియని చెప్పబడిన వస్త్రము. చిలుకపచ్చ, ఎఱుపు చెక్కడపు రూపులు కన్నులపండువుగ నుండెను. పరీక్షకులు దానిని మిక్కిలి మెచ్చుకొనిరని తెలిసినది. అప్పుడు మఱియొక విద్యార్థి తండ్రి, నేతపనివాడు, దానియెదుట నిలిచి, పలకమీద నేమున్నదో చదివి చెప్పుమని మమ్మడిగెను. పలక ఇంగ్లీషున నుండెను. చదివి చెప్పితిమి. ఆయన విని, గుడ్డ అంచు పట్టుకొని వెనుకకు త్రిప్పిచూచి, "ఇది నేసినది గాదు, అచ్చు గొట్టినది" అని మెల్లగ ననెను. మడత సరిచేసి వెడలిపోయెను.

ఆయన చూచిన దేమనగా: పోచంపల్లి నేతలో నూలును ముందుగ ఆసుపోసి, రూపును బట్టి ముడులు గట్టి, రంగున ముంచి, పిదప మగ్గమెక్కింతురు. రంగు నూలులోనికే యింకును గాన వస్త్రమునకు రెండువైపుల నొకే రూపు కన్పట్టును. అచ్చుగుడ్డ కట్లు గాదు. దాని వెనుకవైపు వెలవెలబోవును. వ్రేళ్లతో తడవి క్షణములో తేల్చిన ఈ సంగతిని పరీక్షకులు తేల్చలేకపోయిరి. ఎఱిగినవానికి పలక చదువ రాలేదు. పలక చదివినవారికి గుడ్డ చదువ రాలేదు.

అచ్చు అద్దుట నీచమా యని కొంద ఱడుగవచ్చును. కానే కాదు. మచిలీపట్నము, పెడన ప్రాంతముల కలంకారీ అద్దకము గొప్ప కళయే. అచ్చును అచ్చని చెప్పినచో దోషము లేదు. నేతకు నివాళియని పలికి, ఆ నేతలోని శ్రమను విడిచి రూపును మాత్రము గైకొనుటయే దోషము. ఆ శ్రమ యెట్టిదో చింతకింది మల్లేశ మెఱుగును. ఆసుపోయుటకు వేలకొలది సారులు చేయి నాడించి భుజము నొప్పితో బాధపడిన తల్లిని చూచి, పెద్దచదువులు లేకయే ఆయన ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లిపేరు పెట్టెను. 2017 లో ఆయనకు పద్మశ్రీ లభించినది. రూపకల్పన యనగా నేమో తెలియగోరు విద్యార్థి ముందుగ చూడదగిన కృతి అది.

ఉద్యోగములకు ఇంగ్లీషు కావలయునని మఱికొంద ఱందురు. కావలయును, దానిని తీసివేయుమని మే మనము. దాని క్రింద నాలుగు తెలుగు పంక్తులు వ్రాయుటకు అడ్డమేమి? అప్పులు జేసి పిల్లలను చదివించిన తల్లిదండ్రులు తమ బిడ్డ కృతియెదుట మూగలై నిలువవలసివచ్చుట విద్యకు శోభ కాదు. దామెర్ల రామారావు బొంబాయిలో నేర్చుకొనియు రాజమహేంద్రవరమునకు మఱలివచ్చి తనవారినడుమ చిత్రములు వ్రాసెను. 1925 లో నిరువదియేడేండ్లకే అస్తమించినను నేటికిని ఆ యూరివారు తమవాడని చెప్పుకొందురు.

కావున మేము కోరున దింతే. ప్రతి కృతికడను తెలుగున వివరణ ముండవలెను. అది యే పదార్థముతో, ఎవరి సాయముతో, ఎంత వ్యయముతో చేయబడినదో అందు తెలుపవలెను. ఏ వృత్తిని గుఱించి కృతి చేయబడెనో ఆ వృత్తివా డొకడు పరీక్షకులతో సమముగ కూర్చుండవలెను. వానికి దారిఖర్చును, గౌరవవేతనమును ఈయవలెను. పోచంపల్లి నుండి వచ్చు బస్సు ఎల్.బి.నగరు మీదుగనే వచ్చును. ఆ నేతగానిని పిలుచుట కష్టమైన పని కాదు. ప్రదర్శనశాలలో ఆయనకొక కుర్చీ వేయుటయే యిక మిగిలియున్నది.