విమర్శ: ‘చివర్లో సరిచేద్దాం’ అనే సలహా

స్క్రిప్టుతో మెష్ నిర్మించే పాఠాల్లో ఒక సలహా తరచుగా కనిపిస్తుంది: ఫేస్‌లను ఏ వరుసలోనైనా చేర్చండి, చివర్లో నార్మల్‌లను బయటికి తిప్పే ఆదేశం ఇవ్వండి. ఇది ఎంతవరకు సరైనదో పరిశీలిద్దాం.

ఫేస్ దిశను నిర్ణయించేది శీర్షాల వరుస. (0,0,0), (1,0,0), (0,1,0) బిందువులను ఇదే వరుసలో ఇస్తే నార్మల్ (0,0,1), అంటే పైకి. చివరి రెండింటిని తారుమారు చేస్తే కిందికి.

అన్ని వైపులా మూసిన పెట్టెకు ఆ సలహా చాలు. ఉప్పల్‌లోని భారత సర్వే విభాగపు శిక్షణ సంస్థ వైపు చూడండి. అక్కడి పాఠ్యవిషయమైన భూతలాన్ని మెష్‌గా మారిస్తే, అది పరచిన దుప్పటి వంటిది; దానికి లోపలా బయటా ఉండవు. ఆదేశం ఫేస్‌లన్నింటినీ ఒకే వైపు తిప్పగలదు, కాని ఆ వైపు పైకే అన్న హామీ లేదు. నార్మల్ జెడ్ విలువ రుణాత్మకమైతే శీర్షాల వరుసను తిప్పమని మీరే రాయాలి.

పక్కనే ఉన్న నాచారంలో ఎన్.టి. రామారావు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో ఉంది. అలాంటి చోట వేసే గది సెట్టును మెష్‌గా ఊహించండి. కెమెరా గది లోపల ఉంటుంది కనుక నార్మల్‌లు లోపలికే చూడాలి. ఇక్కడ ఆ ఆదేశం సరైనదాన్ని చెడగొడుతుంది. బ్లెండర్ మామూలుగా ఫేస్ రెండు వైపులనూ చూపుతుంది కాబట్టి పొరపాటు కనబడదు. గేమ్ ఇంజన్‌లోకి పంపాక గోడలు మాయమవుతాయి.

కాబట్టి మొదటి ఫేస్ రాసే ముందే ప్రశ్నించుకోండి: చూసేవారు ఎటువైపు ఉన్నారు?