గోపల్ల గ్రామం: ఐతిహ్యమూ నేలా

కోవిల్పట్టి, విరుదునగర్ ప్రాంతపు తెలుగువారి గతాన్ని విద్యార్థులకు చెప్పేటప్పుడు మేము మొదట చదవమనేది ఒక తమిళ నవలను: కి. రాజనారాయణన్ రాసిన 'గోపల్ల గ్రామం' (1976). కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట 1923లో పుట్టిన ఆయన తమిళ రచయితగానే ప్రసిద్ధులు. దీన్ని మన భాషకు కలిగిన నష్టంగా మాత్రమే లెక్కించడం సరికాదు.

నవలలో వలసగాథ చెప్పేది నూరేళ్లు దాటిన మంగత్తాయారు అవ్వ. చెన్నాదేవి అందం, పాలకుని దురాశ, దక్షిణానికి పరుగు. ఇలాంటి కథలు కులసభల్లో చరిత్రగా చెలామణి అవుతుంటాయి. ఇది ఐతిహ్యం, అవ్వ నోట పలికించడంలోనే రచయిత ఎరుక కనిపిస్తుంది.

మా దృష్టిలో అంతకన్న విలువైనది, అడవికి నిప్పుపెట్టి నల్లరేగడిని సాగులోకి తెచ్చిన ఘట్టం. సభల్లో దాని ఊసు రాదు. వచ్చినా పూర్వీకుల ఘనకార్యంగానే వస్తుంది. కాలిన అడవి మాటేమిటి?

రాజనారాయణన్ 1982లో ఈ కరిసల్ సీమ మాండలిక నిఘంటువును కూడా వెలువరించారు. ఆయన 2021లో కన్నుమూశారు. మరుసటి ఏడు కోవిల్పట్టిలో స్మారక మందిరం వెలిసింది. అక్కడ సభ జరిపేవారు వంశావళికి ముందు ఆ నిఘంటువు తెరిచి, నేలకూ కలుపుకూ పశువుకూ ఇళ్లలో మిగిలిన తెలుగు మాటలను ముసలివారి చేత చెప్పించి పిల్లల చేత రాయించాలి. ఆ పని ఇంకా ఆలస్యమైతే అడగడానికి అవ్వలుండరు.