ఢిల్లీ నుంచి తెలుగు గొంతు

మద్దూరు పక్కనున్న బైరాన్‌పల్లిపై నిజాం పక్షపు రజాకార్లు విరుచుకుపడింది 1948 ఆగస్టు 27న. మూడు వారాలకు నిజాం లొంగుబాటు ప్రకటన దక్కన్ రేడియోలో వినిపించింది. 1950లో ఆ కేంద్రం ఆకాశవాణిలో కలిసింది. తర్వాతి ఏళ్లలో ఈ పల్లెలకు దేశం కబుర్లు ఢిల్లీ నుంచి తెలుగులోనే వచ్చేవి.

చదివేవాళ్లు ఊరు వదిలి వెళ్లిన మనవాళ్లే. తెనాలి దగ్గరి మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య మొదట పత్రికల్లో పనిచేశారు. ఆపైన ఢిల్లీ ఆకాశవాణిలో సుమారు మూడేళ్లు వార్తలు చదివారు. సినిమాల్లో ఆ కంచు కంఠాన్ని మెచ్చుకుంటాం గానీ, దానికి పదును పెట్టిన మైకును తలచుకోం.

నిజానికి చదవడం పనిలో సగమే. వార్త ఇంగ్లీషులో చేతికొస్తుంది. దాన్ని గబగబా తెలుగు చేసి, పది నిమిషాల బులెటిన్‌లో ఇమిడ్చి, తడబడకుండా వినిపించాలి. పత్రిక చదివేవాడు అర్థం కాకపోతే మళ్లీ చదువుకుంటాడు. రేడియో ముందు కూర్చున్న రైతుకు ఆ వీలు లేదు. అందుకే పొడుగు వాక్యాన్ని రెండుగా విరవాలి, ఎవరు చేశారో ముందే చెప్పాలి, నోరు తిరగని పరదేశి పేర్లను మైకు ముందుకు రాకముందే పలికి చూసుకోవాలి.

ఢిల్లీ నుంచి వార్తలు చదివిన అద్దంకి మన్నార్, కందుకూరి సూర్యనారాయణ ముఖాలు ఎరిగినవాళ్లు తక్కువ. బులెటిన్ మొదట్లో చెప్పుకునే పేరుతోనే వాళ్లు ఇంటింటికీ చుట్టాలయ్యారు.