యంత్రం చదవని వాక్యాలు

కోడ్‌లో మంచి కామెంట్ రాసేవాళ్లంటే నాకు గౌరవం. కంప్యూటర్‌కు ఆ మాటలు అక్కర్లేదు. యంత్రభాషలోకి మార్చేటప్పుడే రాలిపోతాయి. రేపు ఆ కోడ్ తెరిచే మనిషి కోసమే రాస్తారు. కోడ్ ఏం చేస్తుందో కోడే చెబుతుంది, ఎందుకు చేస్తుందో చెప్పేది కామెంట్.

1969లో అపోలో 11ను చంద్రుడిపై దించిన ప్రోగ్రామ్ ఎంఐటీ ఇంజనీర్లది. నౌకలోని కంప్యూటర్ శాశ్వత మెమరీ 36,864 పదాలే, అదీ తీగలను చేత్తో అల్లి చేసింది. ఆ ఇరుకులో ఆదేశాలను ఎంతో పొదుపుగా రాశారు. కామెంట్లు నౌక ఎక్కవు కనుక అక్కడ మనసు విప్పారు. ల్యాండింగ్ రాడార్ యాంటెన్నా సరైన స్థితిలో లేకపోతే వ్యోమగామికి సంకేతమిచ్చే ఆదేశం పక్కన 'ఆ పిచ్చిదాన్ని కాస్త తిప్పండి' అన్న అర్థంలో రాశారు. తిప్పానని ఆయన చెప్పాక మళ్లీ పరీక్షించే చోట, 'అబద్ధమేమో చూడు' అని! ఆ పరీక్ష ఎందుకుందో ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

మరోచోట రెండు వరుసల పక్కన 'తాత్కాలికమే, అని ఆశ, ఆశ, ఆశ' అని ఉంటుంది. ఆ ఆదేశాలు అలాగే చంద్రుడి దాకా వెళ్లాయి. ఇది మా తుది మాట కాదు, మార్చడానికి వెనకాడొద్దని తర్వాతివాళ్లకు చెప్పిన ఆ నిజాయితీ నాకెంతో ఇష్టం.