ఊరు లేని భాష

పెద్దయ్యాక కొత్త భాష రావాలంటే ఆ భాష మాట్లాడే ఊళ్లో ఆరు నెలలు కాపురముంటే చాలు, వ్యాకరణం దానంతట అదే పట్టుబడుతుందని చాలామంది నమ్మకం. చాలా భాషల విషయంలో ఈ మాటకు బలముంది. తమిళం కావాలనుకున్నవాళ్లు మదురై వెళ్లి ఉంటే కూరగాయల బేరంలో, బస్సు కిటికీ పక్కన, ఇంటివాళ్ల తగాదాల్లో ఆ భాష వద్దన్నా చెవిన పడుతుంది. ఎస్పెరాంటోకు అలాంటి ఊరు లేదు. 1887లో వార్సాలో డాక్టర్ జామెన్‌హోఫ్ తాను కల్పించిన ఈ భాషను ఒక చిన్న పుస్తకంగా బయటపెట్టినప్పుడు దానికి 16 నియమాలు, సుమారు 900 ధాతువులు ఉన్నాయి, మాట్లాడే జనం లేరు. ఇవాళ దేశదేశాల్లో దాన్ని మాట్లాడేవాళ్లున్నా వాళ్లలో దాదాపు అందరూ ఎదిగాక, ఇష్టపడి నేర్చుకున్నవాళ్లే. జనంలో పడి నేర్చుకోవాలా, పుస్తకం పట్టుకుని నేర్చుకోవాలా అన్న పాత ప్రశ్నకు ఇక్కడ జవాబు మారిపోయేది ఈ ఒక్క కారణంతోనే. మనం ఏ జనంలో పడతామో ఆ జనం కూడా మనలాంటి అభ్యాసకులే. అందుకే ఎస్పెరాంటోలో పుస్తకం ముందుండాలి, అది పొట్టిగా ఉండాలి, కానీ దాన్ని దాటవేయకూడదు అంటాను.

పుస్తకం వైపున్న సాక్ష్యం బలమైనది. మొదటి 18 ఏళ్లు ఈ భాష ప్రధానంగా ఉత్తరాల్లో, పత్రికల్లో బతికింది. 1905లో ఫ్రాన్స్‌లోని బూలోన్-సుర్-మేర్ అనే రేవు పట్టణంలో మొదటి ప్రపంచ మహాసభ జరిగినప్పుడు 20 దేశాల నుంచి 688 మంది వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఎవరి ఊళ్లో వాళ్లు పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నవాళ్లే. అయినా ఒకరి మాట ఒకరికి అర్థమైంది. నాటకం కూడా వేశారు. ముఖం చూడని మనుషులు ఒకే పుస్తకం చదివి వచ్చి ఒకే భాషలో మాట్లాడుకోగలిగారంటే ఆ 16 నియమాలు అందరికీ ఒకటే కావడం వల్ల. మినహాయింపులు లేని వ్యాకరణంలో చదివింది చదివినట్టు పనికొస్తుంది. ‘సానా’ అంటే ఆరోగ్యంగా ఉన్న. ముందు ‘మల్’ చేరిస్తే అర్థం తిరగబడుతుంది, వెనక ‘ఉల్’ చేరిస్తే మనిషి, ‘ఎయ్’ చేరిస్తే చోటు. ‘మల్సానులేయో’ ఆసుపత్రి అని ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ తాళంచెవులు ముందే చేతిలో ఉన్న మనిషి జనంలోకి వెళితే విన్న ప్రతి మాటా పది మాటలవుతుంది. అవి లేకుండా వెళ్లినవాడికి ప్రతి మాటా విడిగా బట్టీ పట్టాల్సిన మాటే.

అసలు వ్యాకరణం ఊసే లేకుండా, ఒక్క పుస్తకం తెరవకుండా ఎస్పెరాంటో నేర్పినవాళ్లు ఉన్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నారు. వాళ్లలో అందరికంటే ముందు చెప్పుకోవాల్సిన మనిషి ఆంద్రేయ్ చెహ్ అనే క్యాథలిక్ ఫాదరీ. 1920లో ట్రాన్సిల్వేనియాలోని సిబియులో ఆయన ముందు కూర్చున్న కార్మికుల్లో రుమేనియన్, హంగేరియన్, జర్మన్ మాట్లాడేవాళ్లు కలిసి ఉన్నారు. అందరికీ సరిపోయే వాచకం లేదు. ఎస్పెరాంటోను ఎస్పెరాంటోలోనే నేర్పాల్సి వచ్చింది. వస్తువు చూపించడం, ప్రశ్న అడగడం, తరగతంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పడం, మధ్యలో నవ్వులు. ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. 1930లో ది హేగ్‌లో దానికోసం ఒక సంస్థే వెలిసింది. ఇది చాలా గొప్ప పని. అయితే చెహ్ తరగతిలో జరిగింది జనంలో పడటం కాదు. ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న రావాలో, ఏ ప్రత్యయం ఎప్పుడు అడుగుపెట్టాలో గురువు ముందే పేర్చుకున్నాడు. వ్యాకరణం విద్యార్థి చేతిలో లేదు, గురువు జేబులో ఉంది. క్లోడ్ పిరాన్ 1983లో రాసిన ‘గెర్దా మలాపేరిస్’ కూడా అంతే. చదివేవాడికి అది ఒక అమ్మాయి కనిపించకుండా పోయిన కథ, రాసినవాడికి మాటలను, నియమాలను కొలతపెట్టి వడ్డించిన పాఠక్రమం. ‘సహజంగా వచ్చేసింది’ అని మురిసిపోయేచోట ఎవరో ఒకరు నియమాలను ముందే మోసి పెట్టారన్నమాట.

పిల్లలు వ్యాకరణం చదివి మాట్లాడుతున్నారా అన్నది ఇంకో అభ్యంతరం. ఎస్పెరాంటో ఇంటి భాషగా పెరిగిన పిల్లలు కొద్దిమంది ఉన్నారు కాబట్టి దీనికి సరైన జవాబు ఆ ఇళ్లలోనే దొరుకుతుంది. బెంజమిన్ బెర్గెన్ అనే భాషాశాస్త్రవేత్త అలాంటి పిల్లల మాటలు పరిశీలించి 2001లో ప్రచురించిన వ్యాసంలో కర్మను సూచించే ‘న్’ ప్రత్యయం వాళ్ల నోట బలహీనపడుతోందని చూపించాడు. వినికిడితో మాత్రమే పెరిగిన భాషలో మొదట రాలిపోయే ఆకు ఏదో దీన్నిబట్టి తెలుస్తుంది. పిల్లలకున్న తీరిక, వాళ్ల చుట్టూ పగలూ రాత్రీ ఉండే మనుషులు పెద్దవాళ్లకు ఎలాగూ ఉండవు.

ఇదే ‘న్’ తెలుగువాళ్ల దగ్గరికి వస్తే వ్యవహారం ఆసక్తిగా ఉంటుంది. ‘కుక్క పిల్లిని కరిచింది’ అన్నప్పుడు మనకు ‘ని’ తప్పదు. ‘పుస్తకం చదివాను’ అన్నప్పుడు అక్కర్లేదు. ప్రాణం లేని వస్తువు దగ్గర మన భాష ఆ గుర్తును తరచు వదిలేస్తుంది. ఎస్పెరాంటో వదలదు, పుస్తకాన్ని ‘లీబ్రోన్’ అని తీరాలి. ‘లీబ్రో’ అని వదిలేసినా అవతలివాడికి అర్థమవుతుంది, అర్థమైంది కాబట్టి దిద్దడు, దిద్దకపోవడంతో ఆ తప్పు నాలుక మీద స్థిరపడిపోతుంది. జనంలో పడితే తప్పులు అవే పోతాయన్న నమ్మకం ఇక్కడే కూలుతుంది. విశేషణం సంగతీ అదే. ‘మంచి పుస్తకం, మంచి పుస్తకాలు’ అనడంలో ‘మంచి’ మారదు. ఎస్పెరాంటోలో ‘బోనయ్న్ లీబ్రోయ్న్’ అని విశేషణం కూడా బహువచనాన్నీ కర్మ గుర్తునూ మోయాలి. మనకు లేని, ఇంగ్లిష్ ‘ద’ లాంటి ‘లా’ అనే ఉపపదం ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చిక్కు. వేరే చోట్ల మాత్రం మనం పుట్టుకతోనే ముందున్నాం. ‘తన పుస్తకం’, ‘అతని పుస్తకం’ మధ్య తేడా ఇంగ్లిష్ వాళ్లకు ‘సియా’, ‘లియా’ అంటూ విడిగా నేర్పాలి, మనకు చెప్పగానే తెలుస్తుంది. నీళ్లు మరగడానికీ మరిగించడానికీ ఉన్న తేడా మన ‘ఇంచు’లో ఎలా ఉందో ఎస్పెరాంటో ‘బోలి’, ‘బొలీగి’లలో అలా ఉంది. ‘చుక్క’లోని దంత్య చకారం పలికే నాలుకకు ఎస్పెరాంటో ‘సి’ అక్షరం కష్టం కాదు. కాబట్టి తెలుగువాళ్లకు పుస్తకం అవసరమయ్యేది 16 నియమాలకూ సమానంగా కాదు, ‘న్’, విశేషణం, ‘లా’ వంటి మూడు నాలుగు చోట్ల గట్టిగా. ప్రపంచానికంతా ఒకే వాచకం చాలదని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

అర్థమవుతున్నప్పుడు ఇంత పట్టింపు దేనికని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. రష్యన్, పోలిష్ వాళ్లు తమ భాషలో లేదు కదా అని ‘లా’ను వదిలేస్తే, ఇంగ్లిష్ వాళ్లు ‘న్’ను వదిలేస్తే, మనం విశేషణాల పొత్తును వదిలేస్తే, 1905లో బూలోన్‌లో కలిసినవాళ్లకు ఉమ్మడిగా ఉన్నది ఎవరి దగ్గరా మిగలదు. లక్షల ఇళ్లలో మాట్లాడే భాషను ఆ ఇళ్లే సరిదిద్దుకుంటాయి. ఈ భాషను పట్టి ఉంచేది అందరూ ఒప్పుకున్న ఆ కొద్ది నియమాలే.

ఇంతా చెప్పాక పుస్తకంలోనే ఉండిపోవడం ఎంత నష్టమో కూడా చెప్పాలి. ఏళ్లు గడిచినా నోరు పెగలని వాళ్లను ఎస్పెరాంటో జనం ‘ఎతెర్నా కొమెన్సాంతో’, శాశ్వత ప్రారంభకుడు అంటారు. సభల్లో ఎస్పెరాంటో మానేసి సొంత భాషలోకి జారిపోవడానికి మొసలి పేరు మీద ‘క్రొకొడీలి’ అని క్రియే పుట్టింది. రెండూ పుస్తకంతో నయం కావు. ఏటా ఒక కొత్త నగరంలో జరిగే మహాసభ వారం రోజులే. 1974 నుంచి నడుస్తున్న ‘పస్పోర్తా సేర్వో’ జాబితాలోని ఎస్పెరాంటో వాళ్ల ఇంట్లో ఉచితంగా దిగినా రెండు మూడు రాత్రులే. ఇంటర్నెట్‌లో రోజూ మాట్లాడుకోవచ్చు, మంచిదే, కానీ అవతల ఉన్నదీ అభ్యాసకుడే. ఇంత అరుదుగా దొరికే రోజుల్ని ‘న్’ ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ గడపకూడదు. నెల రోజులు నియమాలు, ఆ వెంటనే గెర్దా కథ, ఆ కథ సగంలో ఉండగానే మొదటి సంభాషణ. అవతలి మనిషి ‘బోనయ్న్ లీబ్రోయ్న్’ అన్నప్పుడు ఆ రెండు ‘న్’లూ చెవికి విడివిడిగా వినిపించేదాకా పుస్తకం దగ్గరికి అప్పుడప్పుడూ తిరిగి వస్తుండాలి.